ఎవరు కొంటే మనకేంటన్నా?

తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో టీ సగంలో వదిలేసి ఇప్పుడే ఇంటికొచ్చాను. విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్ నా దగ్గరే నేర్చుకున్న పిల్లోడు ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూస్తున్నాడు. ముప్పై మెషీన్లలో, ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపించే వర్చువల్‌బాక్స్ పెట్టాడట, దాంతోపాటు దానికి అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కూడా. లైసెన్స్ చదివావా నాయనా అంటే, "ఓపెన్ సోర్సే కదన్నా, దాని కంపెనీని ఎవరు కొంటే మనకేంటి?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. అది వేరు, ఇది వేరు అని ఎన్నిసార్లు చెప్పాను! వర్చువల్‌బాక్స్‌ది జీపీఎల్ అనే లైసెన్స్, దాని కోడ్ (సోర్స్) ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ ఒరాకిల్ కంపెనీ సొంత సరుకు, సోర్స్ ఇవ్వరు. ఇంట్లో వాడుకున్నా, చదువుకోడానికి వాడినా ఉచితం. ఆఫీసులో పెడితే డబ్బు కట్టాలి. రెండూ డౌన్‌లోడ్‌కి ఒకే పేజీలో పెడతారు. పిల్లలు తికమకపడక ఏం చేస్తారు? ఆ పెట్టడంలోనే నాకు అనుమానం.

ఇన్నోటెక్ అనే చిన్న జర్మన్ కంపెనీ 2007లో వర్చువల్‌బాక్స్ సోర్స్ బయటపెట్టింది. 2008లో సన్ అనే పెద్ద కంపెనీ ఆ ఇన్నోటెక్‌ని కొనేసింది. 2010లో సన్‌నే ఒరాకిల్ మింగేసింది. అదే ఏడాది సన్ వాళ్ల ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌సొలారిస్‌కి తలుపులు మూసేశారు. వర్డ్, ఎక్సెల్ లాంటివి ఉచితంగా ఇచ్చే సన్ వాళ్ల ఓపెన్ఆఫీస్‌కి కోడ్ రాసేవాళ్లలో చాలామంది భయపడి లిబ్రెఆఫీస్ అని వేరు కాపురం పెట్టుకున్నారు. ఒక్క ఒరాకిలే అనుకోకండి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని అందరూ నమ్ముకున్న ఉచిత లినక్స్ సెంట్ఓఎస్ 8ని రెడ్‌హ్యాట్ కంపెనీ వాళ్లు 2021 చివరికే ఆపేశారు.

కంపెనీ చెయ్యి పడితే అన్నీ పాడేనా అంటే, కాదు. వర్చువల్‌బాక్స్ లాంటి పనే చేసే కేవీఎం కూడా ఒక కంపెనీ వాళ్లు మొదలుపెట్టిందే. కానీ అది 2007 నుంచి లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే ఉంది, ఒక్కరే తాళం వేసుకుని పోవడానికి లేదు. తాళంచెవి ఎవరి మొలలో ఉందో చూసుకోండ్రా అనే నా గోలంతా.

నాకెందుకింత కడుపుమంట అంటారా? కరోనాకి ముందు, తెలుగు మీడియం పిల్లల కోసం లినక్స్ కమాండ్ల నోట్సు రాశాను. ఆరు నెలలు, రాత్రిళ్లు కూర్చుని. ఎవరైనా వాడుకోండి, నా పేరు మాత్రం తీయొద్దని చెప్పి ఉచితంగా ఇచ్చేశాను. ఏడాది తర్వాత యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌తో కనబడింది. అట్ట మీద ఒక కోచింగ్ సెంటర్ లోగో, ధర 250 రూపాయలు. నా పేరు ఎక్కడా లేదు. నాదేనా కాదా అని పద్నాలుగో పేజీ తిప్పాను. ఫైల్ని ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే పర్మిషన్ల అంకెల దగ్గర 755 అని ఉండాల్సిన చోట నేను పొరపాటున 775 అని రాశాను. అచ్చం అలాగే ఉంది. చదవనైనా చదవలేదు, అమ్ముకున్నారు!

"కావాలా సామీ, ఒకటే మిగిలింది" అన్నాడు షాపతను. డబ్బిచ్చి కొనుక్కున్నాను. ఇప్పటికీ బీరువాలో ఉంది.

రేపు పొద్దున్నే ఆ పిల్లోడి ఆఫీసుకి వెళ్తున్నాను. ముప్పై మెషీన్లలోంచీ ఆ ప్యాక్ తీసేదాకా వాడి పక్కనే కూర్చుంటాను. వాడికి కోపమొచ్చినా సరే.