బాక్సు కన్నా ముందు భాష సంగతి చూసుకోండి

ఇది 2017 జనవరి 31 గడువుకి ముందు రాసిన మాట, ఇందులోని గడువులు, ధర, నిబంధనలు అప్పటివి. కేబుల్ టీవీని డిజిటల్‌కి మారుస్తున్నారు కాబట్టి 2017 జనవరి 31 తర్వాత ఒడిశాలో తెలుగువాళ్లుండే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి మన పట్టణాల్లో సెట్‌టాప్ బాక్సు లేకుండా కేబుల్ టీవీ రాకూడదు. పల్లెలకు 2017 మార్చి 31 దాకా టైముంది. పట్టణాల్లో 2015 డిసెంబర్ 31కే అయిపోవాల్సిన పని కోర్టు కేసులతో ఆగింది కాబట్టి ఈసారీ పొడిగిస్తారులే అని చాలామంది ఊరుకున్నారు. దయచేసి అలా ఊరుకోకండి. విశాఖలో మన చుట్టాలకి ఈ మార్పు 2013లోనే వచ్చింది, ఒకసారి ఫోన్ చేసి అడిగి చూడండి.

మా టెన్షన్ అంతా భాష గురించే. ఇన్నాళ్లూ వైరులో వచ్చేవన్నీ అందరికీ వచ్చేవి, తెలుగువాళ్ల వీధి అని తెలిసిన కేబుల్ అబ్బాయి నాలుగు తెలుగు ఛానళ్లు తనే కలిపేవాడు. డిజిటల్‌లో సిగ్నల్‌కి తాళం వేసి పంపుతారు, మీ పేరు మీద ఏవి రాసుంటే మీ బాక్సు వాటినే తెరుస్తుంది. టీవీ, ఫోన్ కంపెనీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన నిబంధన ప్రకారం నెలకి 100 రూపాయలకి, పన్నులు వేరే, కనీసం 100 ఉచిత ఛానళ్లు ఇవ్వాలి, వాటిలో ప్రాంతీయ భాషవీ ఉండాలి. మరి మన జిల్లాల్లో ప్రాంతీయ భాష అంటే కేబుల్ కంపెనీల లెక్కలో ఒడియానే! ఒడియా ఛానళ్లూ మనకి కావాలి, ఊరి వార్తలు వాటిలోనే వస్తాయి. కానీ 1936లో ఒడిశా ఏర్పడి, రాష్ట్రం గీత మనల్ని ఇటు వేసినంత మాత్రాన ఇంట్లో మాట మారలేదని ఛానళ్ల ప్యాకేజీలు తయారుచేసేవాళ్లకి ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి.

అందుకే బాక్సు కోసం ఆపరేటర్ ఇచ్చే ఫారం మీద సంతకం పెట్టకముందే ఇంట్లో అందరినీ, ముఖ్యంగా పగలంతా టీవీయే తోడుగా గడిపే నాన్నమ్మని అడిగి, కావలసిన తెలుగు ఛానళ్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఛానళ్లు విడివిడిగా తీసుకునే హక్కు మీకుంది. ప్యాకేజీయే తీసుకోవాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఫారం కాపీ, రసీదు అడిగి తీసుకోండి, బాక్సు కొన్నదో అద్దెదో వాటి మీద రాయించండి. ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకి సాధారణంగా పనిచేయదు.

కొత్త టీవీ కొనక్కర్లేదు. పాత డబ్బా టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు పెట్టే చోటుంటే చాలు. రెండో టీవీ ఉంటే రెండో బాక్సు కావాలి. నెలనెలా కట్టలేనివాళ్లకి దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది, డిష్, బాక్సు ఒక్కసారి కొంటే నెల డబ్బులు ఉండవు. దూరదర్శన్ తెలుగు ఛానల్ సప్తగిరి వస్తుంది గానీ ప్రైవేటు తెలుగు ఛానళ్లు అందులో తక్కువ.

కేబుల్ ఆపరేటర్లకి మా విన్నపం. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు తర్వాత కూలి ఇళ్లలో చేతిలో డబ్బు ఆడటం లేదు, బాక్సు సొమ్ము మొత్తం ఒకేసారి అడగకుండా వాయిదాల్లో తీసుకోండి. మీ దగ్గర ఏయే తెలుగు ఛానళ్లు ఉన్నాయో, ఒక్కోటి ఎంతో తెలుగులో, ఒడియాలో రాసి ఈ వారమే ఆఫీసు గోడకి అంటించండి.