డాలస్‌లో అబ్బో, మల్కాపురంలో అయ్యో

ఇక్కడ డాలస్‌లో మా అబ్బాయి పదహారో ఏట తన కంప్యూటర్ తనే బిగించుకున్నాడు. ప్రాసెసర్ ఒకచోట, మదర్‌బోర్డు ఇంకోచోట, గాజు పలకల కేబినెట్ మరోచోట ఆర్డరిచ్చి, రెండు రోజులు మా డైనింగ్ టేబుల్ ఆక్రమించి, ఆదివారం సాయంత్రానికి అందులో రంగురంగుల లైట్లు వెలిగించాడు. ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం. చుట్టాలందరూ "అబ్బో" అన్నారు.

సరిగ్గా అదే నెలలో విశాఖపట్నం మల్కాపురంలో మా మావయ్య "నాకు అసెంబుల్డ్ సిస్టమే కావాలి" అన్నాడు. అంటే కంపెనీ తయారుచేసి అమ్మే బ్రాండెడ్ కాదు, విడిభాగాలు కొని షాపులో బిగించే కంప్యూటర్. అందరం ఆయన మీద పడ్డాం. "ఈ వయసులో ఆ తలనొప్పి ఎందుకు మావయ్యా, మంచి బ్రాండెడ్ తీసుకో" అని నేను. "నువ్వు ఊ అను చాలు, ఇక్కణ్ణుంచే ఆర్డర్ పెట్టేస్తా, మూడు రోజుల్లో గుమ్మంలో ఉంటుంది" అని కాలిఫోర్నియాలో ఉన్న ఆయన కొడుకు. ఆయన వింటేనా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అత్తయ్య మాత్రం మధ్యలో ఫోన్ లాక్కుని, "మీరు ఏటి చెప్పినా ఆయన చేసేది ఆయన చేస్తారమ్మా, మీ టైమెందుకు పాడుచేసుకోడం" అంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం చెప్పిన మాట.

పని ఒక్కటే. డాలస్‌లో పదహారేళ్ళవాడు చేస్తే తెలివి, మల్కాపురంలో డెబ్బై ఏళ్ళాయన చేయిస్తే చాదస్తం. మొన్న సంక్రాంతికి వెళ్ళి పది రోజులు ఆయన పక్కన కూర్చున్నాక నాకు అనిపించింది, ఈ గొడవలో మొండితనం ఎక్కువగా మన వైపే ఉందని. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మందికి ఇలాంటి మావయ్యో, బాబాయో, నాన్నగారో ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

మావయ్య షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. 1948లో నెహ్రూ నీళ్ళలోకి దించిన 'జలఉష' ఓడ ఫొటో ఇప్పటికీ హాల్లో గోడ మీద ఉంటుంది, దేవుడి పటాల పక్కనే. ఇప్పుడు తెలిసినవాళ్ళకు ఇంటి ప్లాన్లు గీసి ఇస్తుంటాడు, ఉచితంగా దొరికే లిబ్రెక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో. పాత కంప్యూటర్ 2013లో కొన్నది, ఇంటెల్ థర్డ్ జనరేషన్ ఐ3 ప్రాసెసర్. దానికేమీ రోగం లేదు. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పూ ఉండాలి. ఆయన డబ్బాలో రెండూ లేవు. అక్కడ మొదలైంది కథ.

మనం బ్రాండెడ్ అని ఎందుకు పట్టుబడతామో ఒక్కసారి నిజాయితీగా ఒప్పుకుందాం. వాళ్ళ సుఖం కోసం అంటాం. నా మట్టుకు నాకైతే అది నా సుఖం కోసమే. కార్డు గీకేస్తే పని అయిపోతుంది, పాడైతే కంపెనీ టోల్ ఫ్రీ నంబర్ ఉంటుంది, రాత్రి పదకొండింటికి "అమ్మా, స్క్రీన్ నల్లగా అయిపోయింది" అని ఫోన్ రాదు. మన బాధ్యతను అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి పంపించడం. పెద్దవాళ్ళకి అది తెలియక కాదు, తెలిసీ ఊరుకుంటారు. మావయ్య ఊరుకోలేదు, అంతే.

పైగా ఈ విషయంలో ఆయన దగ్గర నాకు పరపతి లేదు. 2004లో సేల్‌లో దొరికిందని అమెరికా నుంచి ఒక కంప్యూటర్ టవర్ మోసుకెళ్ళాను. వెనక ఎస్ఎంపీఎస్ మీద, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా మీద, చిన్న ఎర్ర స్విచ్ ఉండేది, 115 అని. దాన్ని 230 వైపు జరపాలన్న ధ్యాస లేదు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, అక్కడ 230. ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. ఢాం అంది. ఇల్లంతా కాలిన వాసన, వీధిలో పిల్లలు కిటికీ దగ్గర. ఇప్పటికీ నేను ఏ వస్తువు తెచ్చినా "అమెరికా టపాకాయేనా అమ్మా" అంటాడు. (ఇప్పుడొచ్చే మంచి ఎస్ఎంపీఎస్‌లు వోల్టేజీ తామే సర్దుకుంటాయి. అయినా సూట్‌కేసులో డెస్క్‌టాప్ తీసుకెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు మానుకోండి. ఇక్కడ కొన్నదానికి అక్కడ వారంటీ చాలాసార్లు చెల్లదు.)

వెళ్ళిన మర్నాడు పొద్దున్నే వరండాలో పాత పేపరు పరిచి, పాత కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి నా ముందు పెట్టాడు. చూడవే అని. ప్రాసెసర్ ఫ్యాను రెక్కల మీద నల్లటి మెత్తని పొర, కాటుకలాగా. ఆ వైపు గాలిలో బొగ్గు దుమ్ము ఉంటుంది, సముద్రం ఉప్పు ఉంటుంది. కిటికీ ఊచలే ఏడాదికోసారి రంగు అడుగుతాయి. రంగులు వేసే చిన్న బ్రష్షుతో రెక్క రెక్కా పట్టుకుని దులిపాడు. ఫ్యాను తిరక్కుండా చూపుడువేలు అడ్డం పెట్టి, పురిటిబిడ్డ చెవులు తుడిచినంత నెమ్మదిగా. మూడు నెలలకోసారి ఇదే పనట. తర్వాత ఒక్కో భాగం చూపిస్తూ చరిత్ర చెప్పాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి వాన మొత్తం దీని మీదే పడిందట. రోజుల తరబడి కరెంటు లేదు కదా, ముక్క ముక్కా విప్పి ఎండబెట్టాడు. ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్క్ పోయాయి. మిగతావి బతికాయి. పోయిన రెండే మార్చాడు. 2019లో హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించాడు.

"ఓడ డ్రైడాక్‌లోకి వస్తే తుప్పు పట్టిన ప్లేటు కోసి కొత్త ప్లేటు వేస్తాం. ఏకంగా కొత్త ఓడ కొనుక్కోమంటామా?" అన్నాడు.

ఎదురింటాయనకు వాళ్ళ అమ్మాయి సింగపూర్ నుంచి ఆర్డరిచ్చిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉంది. ఏడాది వారంటీ దాటిన మూడో నెలలో ఎస్ఎంపీఎస్ పోయింది. బజార్లో దొరికేది దానికి పట్టలేదు. పెద్ద కంపెనీలు కొన్ని మోడళ్ళలో మదర్‌బోర్డు ఆకారం, కరెంటు వైర్ల కనెక్టర్లు తమకు తామే ప్రత్యేకంగా చేసుకుంటాయి. దాంతో ఆ కంపెనీ ముక్క కోసం నెలన్నర ఆగాడు. ఆ నెలన్నరా ఆయన కరెంటు బిల్లు కట్టింది మావయ్య కంప్యూటర్లోనే.

నేను ఐటీలో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నాను గదా, నాకు తెలిసిన చరిత్ర నేనూ చెప్పాను. 1981లో ఐబీఎం తన మొదటి పీసీ తొందరగా తేవాలని బజార్లో దొరికే భాగాలనే కొని బిగించింది. అందుకే ఇతర కంపెనీలు దాన్ని చూసి అలాంటివే చేయగలిగాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతలు పెట్టింది. స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో కూడా అందులో ఉంటుంది కాబట్టే, ఆ కొలతలు పాటిస్తే ఎవరి బోర్డయినా ఎవరి కేబినెట్‌లోనైనా కూర్చుంటుంది. మా టెక్సస్‌లోనే 1984లో ఆస్టిన్‌లో మైకేల్ డెల్ అనే కుర్రాడు కాలేజీ హాస్టల్ గదిలో కంప్యూటర్లకు భాగాలు బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. మావయ్య ఆసక్తిగా విని, "అంటే నువ్వు చెప్పే బ్రాండెడ్ కూడా పుట్టుకతో అసెంబుల్డేనన్నమాట" అన్నాడు. ఏం చెప్పను!

అలాగని బ్రాండెడ్‌ను తీసిపారేయను. సీతమ్మధారలో ఉండే మా పిన్నికి నేనే బ్రాండెడ్ లాప్‌టాప్ కొనిపెట్టాను. ఆవిడకు కావలసింది వీడియో కాల్, ప్రవచనాలు, బ్యాంకు పాస్‌బుక్. పాడైతే కంపెనీ మనిషి ఇంటికి రావాలి, ఎవర్నీ బతిమాలకూడదు. ఆవిడకు మూడేళ్ళ ఆన్‌సైట్ వారంటీ డబ్బులు కట్టి తీసుకోవడమే సరి. అసెంబుల్డ్‌లో ఆ ఒక్క నంబర్ సుఖం లేదు. బాక్సులో వచ్చే ప్రాసెసర్‌కి మూడేళ్ళు, ర్యామ్‌కి ఒక లెక్క, మానిటర్‌కి ఇంకో లెక్క, ఒక్కోదానికి ఒక్కో సర్వీస్ సెంటర్. ఆ తిరుగుడంతా మన తరఫున తిరిగే షాపువాడు ఉంటేనే అసెంబుల్డ్ జోలికి వెళ్ళాలి. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఏ ప్రాసెసర్ అన్నది తర్వాత. పాడైన రోజున బండేసుకుని ఎవరొస్తారు? ఆ మనిషి ఊళ్ళో ఉన్నాడా, మనవాళ్ళకి అతని మీద గురి ఉందా? మావయ్యకి ఉన్నాడు. ద్వారకానగర్‌లో షాపు, పదమూడేళ్ళ పరిచయం.

కనుమ వెళ్ళిన మూడో రోజు ఇద్దరం బస్సెక్కి సింధియా, కాన్వెంట్ జంక్షన్ మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, ఎండలో నడుచుకుంటూ ఆ షాపుకు వెళ్ళాం. షాపు కుర్రాడు కాగితం మీద కొటేషన్ రాశాడు. ర్యామ్ దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆపి, "ఈ రేటు ఇవాళ్టికే సార్, రేపు నేను చెప్పలేను" అన్నాడు. మోసం కాదు. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ అంతా మళ్ళిపోయి 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఇళ్ళకు క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ కంపెనీ అయితే ఆ వ్యాపారమే మానేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. తమాషా ఏమిటంటే విశాఖలో పెద్ద ఏఐ డేటా సెంటర్ పెడతామని గూగుల్ ప్రకటించింది కూడా సరిగ్గా విండోస్ 10 ఆగిపోయిన రోజే, అక్టోబర్ 14న. "ఊరికి డేటా సెంటర్ వస్తోందట, నాకు పదహారు జీబీ ర్యామ్ రావట్లేదు" అని మావయ్య షాపులో అందరికీ వినబడేలా అన్నాడు. ఈ ర్యామ్ ధర వల్ల ఇప్పుడు అసెంబుల్డ్ చవకన్న పాత లెక్క కూడా పనికిరాదు. పాత స్టాకుతో తయారైన బ్రాండెడ్ ఒక్కోసారి తక్కువకే వస్తోంది. చవకని చూసి అసెంబుల్డ్‌కి వెళ్ళేవాళ్ళు రెండింటి కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

నేను వేలు పెట్టింది మూడు చోట్ల. గ్రాఫిక్స్ కార్డు, లైట్ల ఫ్యాన్లు కొట్టేయించాను. టూడీ ప్లాన్లకు ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ ధారాళంగా సరిపోతుంది. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ వద్దన్నాను. ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ అంత ఖరీదైన వస్తువు ఇంకోటి లేదు. పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తోడు తీసుకుపోతుంది. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తున్నది మూడు నాలుగు వేలు ఎక్కువైనా వేయించాను. యూపీఎస్‌తో సహా. మావయ్య ఇవన్నీ ఒప్పుకున్నాడు.

విండోస్ దగ్గర మాత్రం యుద్ధం జరిగింది. "కనబడని దానికి అన్ని వేలా? కుర్రాడు ఊరికే వేసిస్తాడు" అన్నాడు. బిల్లు కూడా వద్దట, పద్దెనిమిది శాతం జీఎస్టీ మిగులుతుందని. ఈ రెంటి విషయంలో మాత్రం ఆయనది శుద్ధ మొండితనమే. బిల్లు లేకపోతే రేపు వారంటీ అడగడానికి చేతిలో ఏముంటుంది? దొంగ విండోస్‌తో పాటు ఇంకేం వస్తుందో ఎవరికి తెలుసు, అదే కంప్యూటర్లో పెన్షన్ బ్యాంకు ఖాతా తెరుస్తాడాయె. ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఒక మాట అడిగాను. "నువ్వు గీసిన ప్లాను జిరాక్సు తీసుకెళ్ళి ఇంకొకడు ఇల్లు కట్టేసుకున్నాడని రెండేళ్ళు తిట్టావు కదా మావయ్యా?" కాసేపు మాట్లాడలేదు. షాపు బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాడు. "రాయించు" అన్నాడు, నా మొహం చూడకుండా.

బిగించేటప్పుడు రెండు గంటలు స్టూలు మీద కూర్చుని ప్రతి స్క్రూ చూశాడు. ఇంటికొచ్చాక బిల్లు వెనక ఒక్కో భాగం పేరు, తేదీ, వారంటీ ముగిసే రోజు డ్రాయింగ్ ఆఫీసు అక్షరాలతో, పెన్సిల్‌తో గీతలు కొట్టి మరీ రాసుకున్నాడు. ప్లాన్లన్నీ ఒక కాపీ బయటి హార్డ్ డిస్క్‌లోకి తీయించాను. హుద్‌హుద్‌లో పోయినవాటి గురించి ఆయన ఎక్కువ మాట్లాడడు.

నేను తిరిగొచ్చిన వారానికి రాత్రి పదిన్నరకు విశాఖ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. షాపు కుర్రాడు. "మేడమ్, మీ మావయ్యగారికి మీరే చెప్పాలి. వెనక ఫ్యాను గాలి కిటికీ వైపు తగుల్తోందని, ఉప్పుగాలి లోపలికి లాగుతుందని కేబినెట్ మొత్తం విప్పేశారు. ఇప్పుడు పవర్ బటన్ వైర్లు ఎక్కడ పెట్టాలో అడుగుతున్నారు."

"నువ్వేమన్నావు?"

"బండి మీద బయల్దేరాను మేడమ్. సింధియా దాటేశాను."