సింప్సన్ ఎడారిలో వెనక బండి లెక్క

దారి ఫోన్‌లోనే ఉంది కదా, గైడ్‌కు అంత డబ్బు దేనికి? ఆస్ట్రేలియాలో ఎండాకాలం పోయి ఎడారి దారులు తెరుచుకున్నప్పుడల్లా డర్ట్ బైక్ నడిపేవాళ్ల మధ్య ఈ ప్రశ్న లేస్తుంది. ప్రశ్న వేసిన తీరులోనే తప్పుంది. సింప్సన్ ఎడారిలో దారిని ఎవరూ అమ్మడం లేదు. దాన్ని 1960లలో చమురు వెతకడానికి వచ్చిన ఫ్రెంచి కంపెనీ బుల్‌డోజర్లతో గీసి వదిలేసి పోయింది. ఆ ఫ్రెంచ్ లైన్ తూర్పుపడమరలుగా తాడు పట్టి గీసినట్టు పోతుంది, దాన్ని తప్పిపోవాలంటే కాస్త కష్టపడాలి. గైడెడ్ టూర్‌లో మనం డబ్బు పెట్టి కొనేది వెనకాల వచ్చే లారీని, అందులో ఉన్న మెకానిక్‌ని. చిత్రమేమిటంటే ఈ మాట చెప్పడానికి టూర్ కంపెనీలకే మొహమాటం. ప్రకటనల నిండా తిన్నె మీంచి గాల్లోకి లేచిన బైకులే తప్ప లారీ బొమ్మ ఒక్కటీ ఉండదు.

లెక్క వేద్దాం. పడమట మౌంట్ డేర్‌లో పెట్రోలు దొరుకుతుంది, మళ్లీ తూర్పున బర్డ్స్‌విల్‌లోనే. మధ్యలో 500 కిలోమీటర్లకు పైగా బంకు లేదు, కొట్టు లేదు. సమాంతరంగా పడుకున్న ఇసుక తిన్నెలు మాత్రం 1,100 దాకా ఉన్నాయి. 450 సీసీ ఎండ్యూరో బైకు ట్యాంకులో పట్టేది 8 నుంచి 10 లీటర్లు. మెత్తటి ఇసుకలో అది 100 కిలోమీటర్లకు ఇంచుమించు అంతే తాగుతుంది. అంటే మొత్తం దాటడానికి సుమారు 50 లీటర్లు, 37 కిలోల బరువు. నీళ్లు మనిషికి రోజుకు 8 లీటర్ల చొప్పున 5 రోజులకు 40 లీటర్లు, ఇంకో 40 కిలోలు. డేరా, తిండి, పనిముట్లు కలుపుకుంటే 100 కిలోలకు చేరువ. బైకు బరువే 115 కిలోల పైచిలుకు. ఇంత మూట వెనక కట్టుకుని తిన్నె ఎక్కబోతే వెనక చక్రం పాతుకుపోతుంది, ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు.

ఇదే లెక్కను 8 మంది బృందానికి చేయండి. పెట్రోలు 400 లీటర్లు, అంటే 20 లీటర్ల జెర్రీ క్యాన్లు 20. సిబ్బంది ముగ్గురిని కలుపుకుంటే 11 మందికి నీళ్లు 440 లీటర్లు. ఈ రెండే 730 కిలోలు దాటాయి. తిండి, టైర్లు, విడిభాగాలు, ఒక అదనపు బైకు ఎక్కిస్తే మామూలు ల్యాండ్ క్రూజర్ మోయగలిగే బరువు మించిపోతుంది. అందుకే ఒక మోస్తరు ఫోర్ వీల్ డ్రైవ్ లారీ గానీ, రెండు జీపులు గానీ కావాలి. 'చవకగా తీసుకెళ్తాం, ఒక్క బండి చాలు' అన్నవాడు వీటిలో ఏదో ఒకటి తగ్గిస్తున్నాడు. తగ్గేది సాధారణంగా నీళ్లో, అదనపు బైకో.

ఇక ఇసుక చేసే అల్లరి. ఈ తిన్నెలకు పడమటి వాలు ఏటవాలుగా, తూర్పు వాలు నిట్టనిలువుగా ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు పడమటి నుంచి తూర్పుకు పోతారు. తిరగేసి బర్డ్స్‌విల్ నుంచి బయలుదేరినవాడికి తొలిరోజే 40 మీటర్ల 'బిగ్ రెడ్' నిటారు మొహం ఎదురవుతుంది. టైర్లలో గాలి 12 నుంచి 15 పీఎస్ఐకి దింపాలి. అంత తక్కువ గాలితో నడిపేటప్పుడు టైరును రిమ్ముకు బిగించి పట్టే రిమ్ లాక్ వదులైతే రిమ్ము మీద టైరు జారి తిరుగుతుంది, ట్యూబ్ వాల్వు మెడ తెగుతుంది. దానికి ప్యాచ్ పనికిరాదు, ట్యూబే మార్చాలి. గాలి దింపనివాడి పాపం మాత్రం అందరికీ తగులుతుంది. చక్రం గిరగిరా తిరిగి తిన్నె మొహాన్ని గుంటలు గుంటలుగా తవ్వేస్తుంది, వెనక వచ్చేవాళ్లంతా వాటిలో ఎగిరి పడాల్సిందే.

ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోతే కొత్తవాడు చేసే పని ఒకటే: క్లచ్ సగం పట్టి యాక్సిలరేటర్ మెలితిప్పుతాడు. రెండు తిన్నెల్లో ప్లేట్లు కాలిపోతాయి. మాడిన వాసన, నల్లబడిన ఇంజన్ ఆయిల్, పట్టు లేని క్లచ్ లివర్. ఇదే అదును అన్నట్టు వేడెక్కిన రేడియేటర్‌లోంచి కూలెంట్ చిమ్ముతుంది. చేయాల్సింది వేరు. ఇంజన్ ఆపి, బైకును పక్కకు పడుకోబెట్టి, ముందు చక్రాన్ని కిందివైపుకు ఈడ్చి, దిగిపోయి, గట్టి నేల మీంచి మళ్లీ వేగం అందుకోవాలి. ఈ మాట వీడియో చూసి తెలుసుకోవచ్చు. పదిహేనో తిన్నె దగ్గర, చేతులు పడిపోయి, నోరు పిడచగట్టుకుపోయినప్పుడు గుర్తు చేసేవాడు పక్కన ఉండాలి.

అసలైన పని సాయంత్రం బైకులు ఆగాక మొదలవుతుంది. సీటు తీయకముందే దాని చుట్టూ ఇసుకను బ్రష్షుతో దులపాలి, లేకపోతే తీయగానే అదంతా ఎయిర్ బాక్సులో రాలుతుంది. పాత ఫిల్టర్ తీసిన వెంటనే ఇన్‌టేక్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. కొత్త ఫోమ్ ఫిల్టర్ అంచుకు గ్రీజు రాసి, ఖాళీ లేకుండా అమర్చాలి. అంచు దగ్గర వెంట్రుకవాసి సందు చాలు, ఇసుక లోపలికి పోయి పిస్టన్ రింగుల్ని గీకేస్తుంది. ఎడారిలో ఫిల్టర్లు కడిగేందుకు నీళ్లుండవు కాబట్టి ముందే నూనె పట్టించి, కవర్లలో మూసిన ఫిల్టర్లు బైకుకు రోజుకొకటి చొప్పున లారీలో ఉండాలి. 8 బైకులు, 5 రోజులు: 40 ఫిల్టర్లు. ఆపైన స్పోకులు ఒక్కొక్కటీ తట్టి చూడటం, చైన్ బిగువు సరిచూడటం, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న స్పినిఫెక్స్ గడ్డి గింజలు ఏరడం, మధ్యలో ఒకరోజు ఇంజన్ ఆయిల్ మార్చడం. లీటరుకు అటూఇటూ ఆయిల్‌తో తిరిగే చిన్న ఇంజన్, ఈ దుమ్ములో ఉపేక్షిస్తే క్షమించదు. కట్టిన డబ్బంతా ఈ మూడు గంటల్లో ఉంది.

ఒంటరిగా దాటినవాళ్లు లేరా? ఉన్నారు, నడిచి దాటినవాళ్లు కూడా ఉన్నారు. గుంపులో పోతే గొర్రెల మందలా ఉంటుందని, స్వేచ్ఛ పోతుందని వాళ్ల వాదన. తమ బండిని తామే విప్పి బిగించగలిగి, నెలల తరబడి దారిలో నీళ్లు, పెట్రోలు ఏర్పాటు చేసుకున్నవాళ్లు అలా అంటే ఒప్పుకోవాల్సిందే. వాళ్లు సపోర్ట్ లేకుండా పోలేదు, దాన్ని ముందే పంపించుకున్నారు. ఇన్‌స్టా రీల్ చూసి బయలుదేరినవాడి స్వేచ్ఛ వేరు. వాడు ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ మీట నొక్కగానే సంకేతం కాన్‌బెర్రాలోని రెస్క్యూ కేంద్రానికి పోతుంది, అక్కడి నుంచి ఎవరో పైలట్, ఎవరో పోలీసు కదలాలి. అదీ సపోర్ట్ బండే, బిల్లు ఇంకొకరిది.

ఈ ప్రాంతం చరిత్ర అంతా వెనక బండి చరిత్రే. 1860లో ఖండాన్ని దాటడానికి మెల్‌బోర్న్ నుంచి బృందంతో బయలుదేరిన అన్వేషకుడు బర్క్, సామాన్లు నెమ్మదిగా వస్తున్నాయని విసుగెత్తి ముందుకు ఉరికాడు. సింప్సన్‌కు ఆగ్నేయాన కూపర్ క్రీక్ దగ్గర విడిది పెట్టి, కొందరిని అక్కడ ఉంచి, విల్స్, కింగ్ తదితరులతో ఉత్తరాన సముద్ర తీరం దరిదాపుల దాకా పోయాడు. 1861 ఏప్రిల్ 21 సాయంత్రం తిరిగొచ్చేసరికి, నాలుగు నెలలు ఎదురుచూసిన విడిది బృందం ఆరోజు పొద్దున్నే వెళ్లిపోయింది. బర్క్, విల్స్ చనిపోయారు. ప్రాణాలతో మిగిలిన కింగ్‌ను యాండ్రువాంధ ఆదివాసులు తిండి పెట్టి బతికించారు. విగ్రహం మాత్రం బర్క్, విల్స్‌లకే. 1936లో సింప్సన్‌ను దాటిన తొలి యూరోపియన్‌గా టెడ్ కోల్సన్ పేరు చెబుతారు, పక్కనే నడిచిన ఆదివాసి పీటర్ ఐన్స్‌ను గుర్తుచేసేవాళ్లు తక్కువ. అంతకుముందు తరతరాలుగా 'మికిరి' అనే లోతైన బావులు తవ్వుకుని ఆ ఇసుకలోనే కాపురం చేసిన వాంగ్‌కాంగురు జనానికి అది దాటాల్సిన ఎడారే కాదు. చివరికి పేరు పెట్టింది ఎవరిదయ్యా అంటే, ఇంటి సామాన్ల ఫ్యాక్టరీ యజమాని సింప్సన్‌ది!

ఇక్కడ మన సంగతి ఎత్తకుండా ఉండలేను. చేతికి గ్రీజు అంటినవాడికి పేరు ఇవ్వని జబ్బు ఆస్ట్రేలియాది మాత్రమే కాదు, మనకు అంతకన్నా ముదిరింది. తెలుగునాట ఇంటికో ఇంజనీరు ఉన్నాడు. మెకానికల్ పట్టా ఉన్నవాడు కూడా బైక్ చైన్ ఊడితే ఫోన్ తీసి నిలబడతాడు. నాలుగేళ్ల చదువులో వర్క్‌షాప్ అంటే సీనియర్ రికార్డు చూసి రాసుకున్న నోట్సు. ఊరి సెంటర్‌లో పంక్చర్ షాపు కుర్రాడు టైరు లివర్లతో రెండు నిమిషాల్లో ట్యూబ్ లాగేస్తుంటే 'ఏరా' అని పిలుస్తాం, పదిరూపాయలకు బేరమాడతాం. అదే అలవాటు మెల్‌బోర్న్ విమానం ఎక్కి వస్తుంది. టూర్ ధర చూడగానే 'మెకానిక్‌కు కూడా డబ్బా?' అనే ప్రశ్న అందులోంచే పుడుతుంది. మాట్లాడేవాడికి జీతం, బిగించేవాడికి బక్షీసు. ఈ లెక్క మారనంతకాలం మన పిల్లలు ఎన్ని సీసీల బైకు కొన్నా దాని మీద ప్రయాణికులే.

సింప్సన్ వెళ్లే ఉద్దేశం ఉంటే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా అక్కడి జాతీయ పార్కు మూసి ఉంటుంది, ఆ రోజుల్లో వేడి 50 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది కాబట్టి ఆ గడువుతో వాదించకండి. బుక్ చేసేముందు హోటల్ ఫొటోలు, తిండి మెనూ అడగక్కర్లేదు. క్లచ్ ప్లేట్ల సెట్లు ఎన్ని తెస్తున్నారు? మీ బైకు మోడల్‌కు సరిపోతాయా? మనిషికి నీళ్లెన్ని? ఆఖర్న వచ్చే స్వీప్ రైడర్ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉందా, లేక ముందున్న గైడ్ దగ్గరే ఉందా? దారులు కలిసే చోట నిలబెట్టిన మనిషి స్వీప్ వచ్చేదాకా కదలకూడదన్న నియమం పాటిస్తారా? ఆఖరి ప్రశ్న: లారీతో వచ్చే మెకానిక్ పేరేమిటి? ఆ పేరు చెప్పడానికి ఫోన్‌లో ఉన్నవాళ్లు తడుముకుంటే, అడ్వాన్సు పంపకండి.