నోరులేని ఫిరంగుల తరఫున వకాల్తా

1942లో బ్రిటిష్ వారి సింగపూర్ ఎందుకు పడిపోయిందంటే అందరి దగ్గరా ఒకటే జవాబు: ఫిరంగులు సముద్రం వైపు చూస్తుంటే జపాన్ సేన ఉత్తరాన మలయా మీదుగా పెరటిదారిన వచ్చింది. ఇనుము పరువునష్టం దావా వెయ్యలేదు కాబట్టి ఈ అభియోగం ఇన్నేళ్లూ నిరాటంకంగా సాగింది. ముద్దాయి తరఫున ఇప్పుడు కొన్ని వాస్తవాలు మనవి చేస్తాం.

సింగపూర్ తూర్పు కొసన చాంగీ దగ్గరి జొహోర్ బ్యాటరీలో, అంటే ఫిరంగుల స్థావరంలో, 15 అంగుళాల గొట్టం ఉన్న ఫిరంగులు మూడు. బ్రిటిష్ రాజు అయిదో జార్జి రజతోత్సవానికి 1935లో జలసంధి అవతలి జొహోర్ రాజ్యపు సుల్తాను 5 లక్షల పౌండ్లు కానుకిచ్చాడు. అందులో పెద్ద వాటా సింగపూర్ ఫిరంగులకే పోయింది. గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరున్నట్టు బ్యాటరీకి జొహోర్ పేరు దక్కింది. మర్యాదకు లోటు రాలేదు.

దిక్కు సంగతి చూద్దాం. బువోనా విస్టా అనే ఇంకో బ్యాటరీలోని రెండు 15 అంగుళాలవీ భూమి వైపు తిరగలేకపోయాయి, నిజమే. జొహోర్ బ్యాటరీ ఫిరంగులు మాత్రం తిరిగాయి, జలసంధి దాటించి జొహోర్ బారు మీదా, తర్వాత ద్వీపం మధ్యలోని బుకిట్ తిమా వైపూ పేల్చాయి. తిరగనిది ఇండెంటు, అంటే గుండ్లకు పెట్టిన ఆర్డరు. గుండ్లు దాదాపు అన్నీ కవచం చీల్చే రకమే.

ఆ గుండు ఒక్కోటి సుమారు 880 కిలోలు. మందమైన ఉక్కు, లోపల పిసరంత పేలుడు మందు, అడుగున ఆలస్యంగా పేలే ఫ్యూజు. యుద్ధనౌక మీద పడితే కవచం చీల్చుకుని లోపలికెళ్లి పేలుతుంది, ఓడ పని సరి. రబ్బరు తోటలో పడితే మెత్తటి మట్టిలోకి లోతుగా దిగి, అక్కడ ఏకాంతంలో పేలుతుంది. సైనికులకు నష్టం తక్కువ, బావి తవ్వకం ఉచితం. పదాతి దళం మీదికి కావలసింది పలుచటి గోడ, నిండా మందు ఉండి, నేల తగలగానే పేలి ముక్కలు చిమ్మే హై ఎక్స్‌ప్లోజివ్ గుండు. అవి చిన్న ఫిరంగుల్లో 9.2 అంగుళాలదానికి 30, 6 అంగుళాలదానికి 50 చొప్పున కేటాయించారు. నిమిషానికి రెండు చొప్పున వేస్తే ముప్ఫై గుండ్లూ పావుగంటకు సరిపోతాయి. శత్రువు పదహారో నిమిషంలో వస్తే అది అతని క్రమశిక్షణారాహిత్యం.

గురి ఇంకో తంటా. సముద్రంలో గుండు తప్పితే నీళ్లు లేస్తాయి, చూసి సవరించుకోవచ్చు. తోటల్లో ఎక్కడ పడిందో చెప్పడానికి ముందుండే పరిశీలకుడూ, తెగని టెలిఫోను తీగా కావాలి. తీగ తెగితే మిగిలేది మ్యాపూ, నమ్మకమూ.

ఫిబ్రవరి 12న సొంత సిబ్బందే జొహోర్ బ్యాటరీని పేల్చేశారు, 15న లొంగుబాటు. అసలు ఈ ఫిరంగులు కాయాల్సింది సెంబవాంగ్ నౌకాస్థావరాన్ని. అక్కడికొచ్చిన రెండు పెద్ద ఓడలు, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్, 1941 డిసెంబరు 10నే మునిగిపోయాయి.

దాడి ఉత్తరం నుంచి రావచ్చని ఎవరూ ఊహించలేదా? ఊహించారు. 1937-38లోనే మలయాలోని బ్రిటిష్ సేనాధిపతి జనరల్ డాబీ ఆ మాట చెప్పాడు. ఆ వైపు రక్షణకు మంజూరైంది 60 వేల పౌండ్లు, ఖర్చయింది 23 వేలు. మిగులు చూపిన గుమాస్తాకు పతకం వచ్చిందో లేదో.

1942 జనవరిలో చర్చిల్ నివ్వెరపోయాడు. అడుగు లేని యుద్ధనౌకను జలప్రవేశం చేయిస్తారని ఎలా అనుకోలేదో, సింగపూర్‌కు భూమి వైపు కోట లేదనీ అలాగే అనుకోలేదని తర్వాత రాశాడు. పదేళ్ల దాకా పెద్ద యుద్ధం రాదన్న లెక్కను 1928లో ఏటా దానంతటదే ముందుకు జరిగేలా పట్టుబట్టి చేయించిన ఆర్థిక మంత్రి ఇంటిపేరు కూడా చర్చిలే.