ఒకటో తరగతి, బి సెక్షన్, వయసు 39

ఈ జూన్‌లో నేను ఒకటో తరగతిలో చేరాను. బెంగళూరులో మారతహళ్లికి దగ్గర్లోనే స్కూలు. దగ్గరంటే మ్యాపులో నాలుగు కిలోమీటర్లు, కానీ పనత్తూరు రైల్వే అండర్‌పాస్ దాటాలి కాబట్టి పొద్దున పూట ముప్పావు గంట, వాన పడిందంటే ఇక దేవుడి దయ. అడ్మిషన్ కాగితాల్లో మావాడి పేరే ఉంది, ఐడీ కార్డు మీద ఫొటో కూడా వాడిదే, అదంతా లాంఛనం. వాడు ఏడుంపావుకి బస్సెక్కుతాడు, మూడింటికి దిగుతాడు, మధ్యలో ఏం జరిగిందిరా అంటే "ఏం లేదు" అంటాడు. మిగతా చదువంతా నాదీ, మా ఆవిడదీ.

ఇది ఫిర్యాదు కాదని ముందే మనవి. బాధ్యత గల పౌరుడిగా ప్రభుత్వాల దృష్టికి ఒక చిన్న లోపం తెస్తున్నానంతే. ఒకటో తరగతి పిల్లాణ్ణి కాపాడటానికి మన దేశంలో చట్టాలు, విధానాలు, సర్క్యులర్లు బోలెడున్నాయి, చదివాను, అన్నీ మంచివే. కాకపోతే వాడి వీపు మీంచి దించిన బరువుల్ని ఎక్కడ పెడుతున్నారో ఎవరూ గమనించినట్టు లేదు. నేను గమనించాను, ఎందుకంటే అవి పెడుతున్నది నా వీపు మీదే.

ముందు వయసు సంగతి. మా నాన్న చిన్నప్పుడు చీరాల దగ్గర మా ఊళ్లో బడికి ప్రవేశ పరీక్ష ఒక్కటే, కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఒకటో తరగతి, అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. పుట్టినరోజు కూడా హెడ్మాస్టరుగారే వేసేసేవారు. మా నాన్న, మా చిన్నాన్న, వాళ్ల క్లాసులో సగం మంది జులై 1నే పుట్టారంటే అది ఆయన చలవే. మొత్తం తతంగం అర నిమిషంలో అయిపోయేది. ఇక్కడేమో జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండితేనే ఒకటో తరగతి అని కర్ణాటక ప్రభుత్వం 2022లో ఆదేశమిచ్చింది, 2025-26 నుంచి అమలన్నారు. బంగారం లాంటి మాట, పిల్లాణ్ణి ఇంకో నాలుగు రోజులు ఆడుకోనివ్వడం కంటే కావలసిందేముంది. తీరా ఆ ఏడు రానే వచ్చాక ఏప్రిల్‌లో, స్టేట్ సిలబస్ వాళ్లకి ఈ ఒక్క సంవత్సరానికీ ఐదేళ్ల ఐదు నెలలు చాల్లే అన్నారు. ఆ వేసవిలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు కనబడినా వేళ్ల మీద నెలలు లెక్కపెడుతూ కనబడ్డారు, జాతకం రాయించేటప్పుడు కూడా మనవాళ్లు అంత కచ్చితంగా లెక్క చెప్పరు. ఆ లెక్కల్లో ఉన్న పిల్లలు మాత్రం కింద సెల్లార్‌లో సైకిళ్లు తొక్కుకుంటూ ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటున్నారు, వాళ్లకేం టెన్షన్.

మావాడికి ఆరు నిండి పదకొండు రోజులు దాటింది కాబట్టి ఆ గండం తప్పింది. తర్వాత ఇంటర్వ్యూ. కాదు కాదు, ఇంటర్వ్యూ అనకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ కోసం బిడ్డని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోత పట్టకూడదు, పడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా జరిమానా ఉంది. అందుకని మమ్మల్ని ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యలేదు, "ఇంటరాక్షన్"కి పిలిచారు. మావాణ్ణి ఒక ప్రశ్న అడిగారు, ఈ క్రేయాన్ ఏ రంగు అని. వాడు జవాబు చెప్పకుండా టేబుల్ మీదున్న ప్లాస్టిక్ జిరాఫీ నాకిస్తారా అని ఎదురు ప్రశ్న వేశాడు. మేడమ్ నవ్వి, ఇచ్చేశారు కూడా. తర్వాత నా వైపు తిరిగి, పిల్లల పెంపకంలో మీ ఫిలాసఫీ ఏమిటి అన్నారు. నాకు మా నాన్న ఫిలాసఫీ గుర్తొచ్చింది, అది వేపకొమ్మ రూపంలో దూలం సందులో ఉండేది. టేబుల్ కింద మా ఆవిడ కాలు తొక్కింది. "బ్యాలెన్స్" అన్నాను. దేనికీ దేనికీ మధ్య బ్యాలెన్సో మేడమ్ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఏదో రాసుకున్నారు. పదిహేనేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఏ మేనేజరు ముందూ నాకంత చెమట పట్టలేదు.

ఫీజు గురించి ఎక్కువ రాయను. మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేసి "ఎంత కట్టావురా?" అంటే ఒక టర్ము ఫీజుని ఏడాది ఫీజుగా చెప్పాను. అది విని ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత, "ఆ డబ్బుతో నీ ఇంజనీరింగ్ నాలుగేళ్లూ అయిపోయింది కదరా, హాస్టలుతో సహా" అన్నారు. పెట్టేశాను. ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకుంటే 80సి కింద ట్యూషన్ ఫీజుకి మినహాయింపు ఉందిగా అని ఆఫీసులో ఓదార్చారు, నిజమే, కానీ అది ట్యూషన్ అన్న మాటకి మాత్రమే. రసీదులో ఆ మాట ఎక్కడుందో వెతకడానికి నాకు కళ్లజోడు కావలసి వచ్చింది.

ఇక అట్టలు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు జీవితంలో బాగా వచ్చిన పనులు మూడు నాలుగే, అందులో పుస్తకాలకి అట్టలు వెయ్యడం ఒకటి. మా అక్క ఒకటో తరగతి పుస్తకాలకి మా నాన్న సోవియట్ భూమి పత్రిక కాగితాలతో అట్టలు వేశారు, నున్నగా మెరిసేవి, గోధుమ చేలల్లో నవ్వుతూ ట్రాక్టర్లు నడిపే ఆడవాళ్ల బొమ్మలతో. నేను 1992లో బళ్లో చేరేసరికి ఆ దేశమే లేకుండా పోయింది. ప్రపంచ చరిత్రలో అదెంత పెద్ద సంఘటనో నాకు తర్వాతెప్పుడో తెలిసింది గానీ, ఆ రోజు మాత్రం మా అక్కకి ట్రాక్టరూ నాకు ఎరువుల కొట్టు క్యాలెండరూ ఎందుకొచ్చాయని గొడవ చేశాను. ఆ అనుభవంతో, ఆ పట్టుదలతో, మొన్న ఆదివారం అన్నం మెతుకులు కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే స్కూలు వాళ్ల నియమావళి ఉంది, బ్రౌన్ పేపర్, దాని మీద ప్లాస్టిక్ కవరు, లేబుల్ కుడివైపు పైన, పేరు క్యాపిటల్ అక్షరాల్లో, పొట్టి పేర్లు వద్దు. పుస్తకాలు, నోట్సులు కలిపి ఇరవై ఆరు. ప్రభుత్వం వేసే ఎన్‌సీఈఆర్‌టీ ఒకటో తరగతి పుస్తకం ఒక్కోటి 65 రూపాయలకి దొరుకుతుంది, మా మూటలో అది తప్ప అన్నీ ఉన్నాయి. పద్నాలుగో పుస్తకం దగ్గర నడుం పట్టేసింది, పందొమ్మిదో దాని దగ్గర రోల్ నంబరు ఇంకా ఇవ్వలేదని తెలిసింది, అప్పటికే నేను అందాజుగా వేసేశాను.

రోల్ నంబరు ఎంతో కనుక్కుందామని పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అడిగాను. అది తప్పు. తొంభై మూడు మెసేజులొచ్చాయి. సాక్సు చీలమండ దాకానా మోకాలి దాకానా అని ఒకరు, మా పాప షూస్‌కి లేసులున్నాయి పర్వాలేదా అని ఇంకొకరు, మధ్యలో ఎవరో గుడ్ మార్నింగ్ అని సూర్యుడి బొమ్మ (రాత్రి పదకొండున్నరకి), ఫలానా అబాకస్ క్లాసులో డిస్కౌంట్ ఉందని ఒకాయన. రోల్ నంబరు మాత్రం ఎవరికీ తెలీదు. మావాణ్ణి అడిగితే "పదిహేడు" అన్నాడు ఠక్కున, మొదటి రోజే చెప్పారట. మరి నాకు చెప్పలేదేంట్రా అంటే, నువ్వు అడగలేదుగా అన్నాడు.

అట్టలయ్యాక బ్యాగు సర్ది ఎత్తితే చెయ్యి కిందికి లాగింది. అమ్మానాన్న మా అక్క దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు పెట్టెలు తూయడానికి కొన్న కొక్కెం తరాజు ఒకటుంది మా ఇంట్లో, ఆవకాయ డబ్బాలు ఎక్కువైతే ఎయిర్‌పోర్టులో తీయిస్తారని. దానికి తగిలించాను, 4 కిలోల 300. ఇప్పుడు వినండి. 2019లో కర్ణాటక ప్రభుత్వం ఒకటి రెండు తరగతుల బ్యాగు రెండు కిలోలు దాటకూడదంది. 2020లో కేంద్రం వాళ్ల స్కూల్ బ్యాగ్ విధానం పిల్లాడి బరువులో పదో వంతు అంది, అంటే ఈ తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోలు. మావాడు ఇరవై కిలోలు, మా బ్యాగు వాడిలో ఐదో వంతు దాటింది. స్కూలుకి ఫోన్ చేశాను, చాలా మర్యాదగా చెప్పారు, పిల్లవాడు మోసేది బస్సు దాకానే కదండీ, గేటు నుంచి బస్సు దాకా పేరెంట్ మోస్తారు, బస్సు లోపల బస్సు మోస్తుంది అని. ఈ తర్కంలో తప్పు ఎక్కడుందో నాకింకా దొరకలేదు. నా బరువు 78 కిలోలు, పదో వంతు 7.8, కాబట్టి నేను మోస్తే చట్టం ప్రకారం ఇంకా ఖాళీ ఉంది, వాటర్ బాటిలూ టిఫిన్ బాక్సులు రెండూ కూడా నేనే పట్టుకుంటున్నాను. నెలలో మూడో శనివారం బ్యాగు లేకుండా బడికి రావాలని కూడా కర్ణాటకలో ఉంది. మా స్కూలుకి శనివారం సెలవు, కాబట్టి ఆ నియమం నూటికి నూరు పాళ్లూ అమలవుతోంది.

అదే 2020 విధానంలో రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వకూడదని కూడా ఉంది. మా స్కూలు వాళ్లు హోంవర్క్ ఇవ్వరు, "యాక్టివిటీ" ఇస్తారు. ఇంటరాక్షన్‌కి తమ్ముడన్నమాట. రాత్రి తొమ్మిది నలభైకి మెసేజ్ వస్తుంది, రేపటికి ఐదు ఎండుటాకులు, ఒక చిప్స్ ప్యాకెట్ సైజు అట్టముక్క, ఇంట్లో ఉన్న పాత బటన్లు తెమ్మని. పది నిమిషాల్లో పాలు, కందిపప్పు తెచ్చే యాప్‌లో ఎండుటాకులు వెతికిన మనిషిని మీరు చూడకపోతే మా ఇంటికి రండి, చూపిస్తాను. బిరియానీ ఆకు దొరికింది. ఐదు పంపాం, మంచి వాసన వస్తున్నాయని టీచరు మెచ్చుకున్నారట. ఒక రాత్రి చొక్కా బటన్లు కూడా ఊడదీశాను, అది పాత చొక్కా అని నేననుకున్నాను, మా ఆవిడ అనుకోలేదు.

ఇదంతా ఒక ఎత్తు, కన్నడం ఒక ఎత్తు. 2015 చట్టం ప్రకారం కర్ణాటకలో ఏ బోర్డు స్కూలైనా కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాల్సిందే. నేర్పాలి మరి, పన్నెండేళ్లుగా ఈ ఊరి నీళ్లు తాగుతూ "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కాస్త సర్దుకోండి) దగ్గరే ఆగిపోయిన నాలాంటి వాళ్లకి ఇది బాగానే బుద్ధి చెప్పింది. మొదట్లో నాకు ధైర్యంగానే ఉండేది. లిపి మనదానికి అక్కచెల్లెలు, సగం మాటలు మనవే, ఇందులో ఏముంది నేను చెప్తాగా అన్నాను. మొదటి వారం బస్సులో ఆయా మావాణ్ణి "ఊట ఆయ్తా" అని అడిగిందట, వాడు ఇంటికొచ్చి ఊట అంటే ఏంటి నాన్నా అన్నాడు. ఆవకాయ జాడీలో ముక్కల మీద తేలుతుంది చూడు, అదేరా అన్నాను. మర్నాడు వాడు, లేదు, ఇవాళ ఊట లేదు, పెరుగన్నమే అని చెప్పి ఆ తల్లిని కంగారు పెట్టాడు. కన్నడంలో ఊట అంటే భోజనమట.

దాని తర్వాతి యాక్టివిటీ, "మర" అనే మాట పక్కన బొమ్మ అతికించమని. మర అంటే నాకు తెలీదా, మా ఊళ్లో ఇంటి పక్కనే పిండిమర, పొద్దున్నే దాని చప్పుడుకే లేచేవాళ్లం. నెట్‌లో మంచి బొమ్మ వెతికి, రాత్రి పదింటికి కింద జెరాక్స్ కొట్టు తీయించి కలర్ ప్రింటు వేయించి, అంచులు గుండ్రంగా కత్తిరించి అతికించాను. మావాడు ఏదో అనబోయాడు, నేను పెద్దవాళ్లు పని చేస్తున్నప్పుడు మాట్లాడకూడదన్నాను. కన్నడంలో మర అంటే చెట్టు. పుస్తకంలో పిండిమర చుట్టూ ఎర్ర సున్నా, కింద "పేరెంట్స్ ప్లీజ్ నోట్". క్లాసులో అందరూ చెట్టు అతికించారట, మాదొక్కటే వేరేగా ఉందని మావాడు గర్వంగానే చెప్పాడు.

కాబట్టి సంబంధిత శాఖల వారికి నా విన్నపం ఏమిటంటే, ఆ 13వ సెక్షన్‌లో "తల్లిదండ్రులు" అన్న మాట ఎలాగూ ఉంది గనుక మిగతా వాటిల్లో కూడా చేర్చండి. రెండో తరగతి దాకా తండ్రికి హోంవర్క్ ఉండకూడదు. రాత్రి తొమ్మిది దాటాక ఎండుటాకులు అడగకూడదు. నెలలో ఒక శనివారం గ్రూపు లేని శనివారం చెయ్యాలి. ఇవన్నీ వివరంగా రాసి పంపుదామని నిన్న రాత్రి కూర్చున్నాను గానీ, మావాడు కన్నడం చూచిరాత పుస్తకం పట్టుకొచ్చాడు, డైరీలో టీచరు రాసింది చూపించాడు. వాడి "సర", "మర" అన్నిటికీ తలకట్టు తప్పుగా ఉందట. మన తలకట్టు టిక్కులా లేస్తుంది, వాళ్లది పైన అడ్డంగీతలా ఉంటుంది. వాడికి నేర్పింది నేను.

"టిక్కు కాదు నాన్నా, గీత," అన్నాడు. ఒక లైను రాసి చూపించాడు. నేను రాశాను. మళ్లీ టిక్కు వచ్చింది. ముప్పై మూడేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది. వాడు రబ్బరిచ్చాడు, ఓపిగ్గానే, టీచరు వాడితో ఎలా మాట్లాడుతుందో అదే గొంతుతో "ఇట్స్ ఓకే, ట్రై అగైన్" అన్నాడు. మూడో లైనుకి గీత వచ్చింది, కొంచెం వంకరగా. చూసి తలూపి, ఇంకా ఏడు లైన్లున్నాయి, అయ్యాక బ్యాగులో పెట్టెయ్ అని చెప్పి వాడు పడుకున్నాడు.