పొలం అమ్మి అమెరికా వెళ్లే డాక్టర్‌కు మళ్లీ పల్లెటూరే

రైతు ఇంటి నుంచి అమెరికా రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో జీతంతో చేసే స్పెషలిస్టు శిక్షణకు, వెళ్లే డాక్టర్ల లెక్క వేరు. ఎంబీబీఎస్‌కే ఎకరమో రెండెకరాలో కరిగిపోయి ఉంటాయి. ఆపైన అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో ఒక్కో స్టెప్‌కు వెయ్యి డాలర్లకు అటూఇటూగా ఫీజు, అక్కడికెళ్లి ఆసుపత్రి పని దగ్గరుండి చూసే అబ్జర్వర్‌షిప్, పదుల సంఖ్యలో ప్రోగ్రాములకు దరఖాస్తులు. 2022 నుంచి స్టెప్ 1కు మార్కులు లేవు, పాసో ఫెయిలో చెబుతారంతే. దాంతో ఇంటిల్లిపాదీ చూసేది స్టెప్ 2 స్కోరు, ఏ ఆసుపత్రిలో సీటొచ్చిందో మార్చిలో చెప్పే మ్యాచ్ ఫలితం. ఆ తర్వాతి పదేళ్లను నిర్ణయించే వీసా సంగతి ఎవరికీ పట్టదు.

ఎక్కువ ఆసుపత్రులు ఇచ్చేది శిక్షణ కోసం వచ్చేవాళ్ల వీసా జే-1. దానికి ఢిల్లీలోని ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి అవసర పత్రం తేవాలి. శిక్షణ అయ్యాక తిరిగొస్తాననే హామీ అందులోనే ఉంటుంది. రెండేళ్లు స్వదేశంలో ఉండి రాకుంటే హెచ్-1బీ గాని, గ్రీన్‌కార్డు గాని రాదు. రెసిడెన్సీనే హెచ్-1బీ మీద చేద్దామంటే స్టెప్ 3 ముందే పాసవ్వాలి. ఆ పరీక్ష అమెరికా గడ్డ మీదే రాయాలి. పైగా 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవారి కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అంత పెట్టి రెసిడెంటును తెచ్చుకునే ఆసుపత్రులు ఎన్నుంటాయి?

జే-1 వాళ్లకు ఆ రెండేళ్ల షరతు నుంచి మినహాయింపు పొందే ప్రధానమైన దారి కాన్రాడ్ 30 పథకం. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో 1994లో వచ్చింది. ఒక్కో రాష్ట్రానికి మొదట 20 మినహాయింపులు, 2002 నుంచి 30. బదులుగా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో హెచ్-1బీ మీద మూడేళ్లు, వారానికి 40 గంటలు పనిచేయాలి. ఏటా అక్టోబరుతో కొత్త లెక్క మొదలవుతుంది. గిరాకీ ఉన్న రాష్ట్రాల్లో సీట్లు త్వరగా నిండుతాయి. అందుకని రెసిడెన్సీ చివరి ఏడాది మొదలయ్యేసరికే ఉద్యోగం వెతుకుతూ ఉండాలి. జనవరిలో లేచి వెతికితే మిగిలేది అడుగు బొడుగే.

అలా మట్టి వాసన వదిలి వెళ్లినవాడు మొక్కజొన్న చేల మధ్య పల్లెటూరికే చేరతాడు. కోత అయ్యేదాకా ఛాతీ నొప్పి దాచుకునే రైతు అక్కడా ఉంటాడు. ఆ ముసలాయన్ని చదవడం ఈ డాక్టర్‌కు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ కుటుంబాల పిల్లలకున్న అసలు బలం అదే, ఇంటర్వ్యూల్లో మాత్రం దాన్ని దాచేస్తారు.

తేడా కొట్టేది ఒప్పందం దగ్గర. ఆసుపత్రి మూతపడినా, యాజమాన్యంతో చెడినా ఊరికే మారిపోవడం కుదరదు. తప్పనిసరి కారణం రుజువు చేసి, మిగిలిన గడువును మరో కొరత ప్రాంతంలో పూర్తి చేయాలి. ఆ మూడేళ్లు నిండనిదే గ్రీన్‌కార్డు చేతికి రాదు. నిండినా, ఉన్నత చదువులవాళ్ల గ్రీన్‌కార్డు విభాగమైన ఈబీ-2లో భారతీయుల క్యూ పదేళ్లు దాటింది.

ఈలోగా నాన్నకు గుండె ఆపరేషన్ అని కబురొస్తే టికెట్ కొనేముందు రెండు చూసుకోవాలి: ఇద్దరే డాక్టర్లున్న ఆసుపత్రిలో తన డ్యూటీ ఎవరు మోస్తారు, తిరిగి రావడానికి హైదరాబాద్ కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద హెచ్-1బీ వీసా వేయించుకునే స్టాంపింగ్‌కు తేదీ దొరుకుతుందా.