విష్ణు, బిష్ణు ఒకరేనని టికెట్‌లో ఎవరూ రాయలేదు

నా పేరు వెంకట్, కానీ బరంపురం ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు పనిచేసినన్నాళ్ళూ నన్ను 'బెంకట్ భాయినా' అనే పిలిచాడు, భాయినా అంటే ఒడియాలో అన్నయ్య. ఒడియా వాళ్ళ నోట్లో మన వ చాలాచోట్ల బ అయిపోతుంది, అందుకని మేమూ ఊరుకునేవాళ్ళం కాదు, సాయంత్రం టీ బడ్డీ దగ్గర "ఒరే, నీకు వడ కావాలా బరా కావాలా" అని ఏడిపించేవాళ్ళం, వాడు "మీరు ఏది పెట్టినా తింటాను, బిల్లు మాత్రం బెంకట్ భాయినాదే" అనేవాడు. మా టీంలో సగం మంది తెలుగోళ్ళం. నాది పర్లాకిమిడి, ఒకతనిది ఇచ్ఛాపురం, ఒకమ్మాయిది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాల్‌లో ఇంగ్లీషు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటు వెళ్ళాయి, ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయింది, మనుషులు మాత్రం అటూ ఇటూ కలిసే బతుకుతున్నారు.

ఈ ఏడిపించుకోవడాల గురించి రాయాలని చాలా రోజులుగా ఉంది, ఎందుకంటే డెవలపర్లు టీ తాగుతూ వేసుకునే జోకుల్ని మేనేజర్లు టైం వేస్ట్ అనుకుంటారు, మేమేమో రిలీఫ్ అనుకుంటాం. నా అనుభవంలో మాత్రం పనికి సంబంధించిన అసలు సంగతులు సగం అక్కడే తేలతాయి, కానీ వాటిని ఎవరూ రాసిపెట్టరు.

జరిగింది చెప్తాను. మేం చేసేది చిన్న చిన్న అప్పులిచ్చే సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్. ఒకే మనిషి పేరు మీద రెండు ఖాతాలు వస్తున్నాయని కంప్లయింట్ వచ్చింది, ఒక ఖాతాలో వాయిదా జమ అవుతుంది, రెండోదాంట్లో బాకీ అని చూపిస్తుంది, కట్టినావిడే మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగాలి. పేర్లు పోల్చడానికి మేం వాడింది సౌండెక్స్. అది 1918లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న పద్ధతి, ఇంగ్లీషు స్పెల్లింగ్ వేరైనా పలికేది ఒకటే అయితే ఒకే కోడ్ ఇస్తుంది, ఇప్పటికీ చాలా డేటాబేసుల్లో రెడీగా దొరుకుతుంది. వారం రోజులు కూర్చున్నాం. చిత్రం ఏంటంటే క్రిష్ణ, క్రుష్ణ అని రెండు రకాలుగా రాసినవాళ్ళు ఒకరేనని సిస్టం పట్టేస్తోంది, ఒడిశా వైపు ఇంగ్లీషులో క్రుష్ణ అని రాస్తారు, మనం క్రిష్ణ అని రాస్తాం, ఇద్దరికీ కోడ్ కే 625. మరి మిగతా డూప్లికేట్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయో అర్థం కాలేదు. రోజూ పొద్దున ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే స్టాండప్ మీటింగ్‌లో "ఇంకా చూస్తున్నాం" అని చెప్పడం, రాత్రి తొమ్మిదిన్నర కాల్‌లో "చిన్న ఫిక్సే కదా, ఎందుకింత లేటు" అనిపించుకోవడం. ఈ 'చిన్న ఫిక్సే కదా' అన్న మాట విన్నప్పుడు కలిగే మంట ఆ పని చేసేవాడికే తెలుస్తుంది.

ఆ రోజు టీ బడ్డీ దగ్గర వాడు ఎప్పట్లాగే 'బెంకట్ భాయినా' అన్నాడు, ఇచ్ఛాపురం అతను "ఏటిరా, ఆడి పేరుని సంపేస్తున్నావు, రేపు బ్యాంకోడు కూడా బెంకట్ అనే రాసుకుంటాడు" అన్నాడు. ఆ మాటకి ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. గ్లాసులు అక్కడే పెట్టేసి పైకి పరిగెత్తాం. సౌండెక్స్‌లో బీ, వీ రెండింటికీ ఒకే అంకె, 1, కానీ పేరులో మొదటి అక్షరాన్ని అంకెగా మార్చకుండా అలాగే ఉంచేస్తుంది, అందుకే విష్ణుకి వీ 250, బిష్ణుకి బీ 250, వెంకటేశ్‌కి వీ 523, బెంకటేశ్‌కి బీ 523. మెషీన్‌కి వాళ్ళు వేరే వేరే మనుషులు. పట్నంలో పుట్టిన ఇంగ్లీషు పేరుకి ఈ వ, బ ఇబ్బంది రాదు, సరిహద్దులో పుట్టిన మనిషికి ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, అప్పు కాగితంలో ఇంకో స్పెల్లింగ్ ఉంటుంది.

అరగంటలో కోడ్ రాసేశాం. టికెట్‌లో, అంటే కంప్లయింటూ దానికి ఏం చేశామో నమోదు చేసే పేజీలో, ఏం రాశాం? 'పేరు పోల్చే లాజిక్ అప్‌డేట్ చేయబడినది, సమస్య పరిష్కరించబడినది' అన్నదానికి సరిపోయే రెండు ఇంగ్లీషు ముక్కలు. అంతే. బెంకట్ భాయినా లేడు, వడ లేదు, బరా లేదు, ఒడియా ఊసే లేదు. దాదాపు రెండేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో కూర్చున్న కొత్త టీం కోడ్ శుభ్రం చేస్తూ ఆ నాలుగు లైన్లు అర్థం లేనివని తీసేసింది. తప్పు వాళ్ళదని నేననను. ఎందుకు రాశామో తెలీకపోతే ఎవరికైనా అది చెత్తలాగే కనిపిస్తుంది. కోడ్‌లో జరిగిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో వెతికితే ఆ లైన్లు ఎవరు రాశారో, ఏ తారీఖున రాశారో చూపిస్తుంది, ఎందుకు రాశారో మాత్రం మనం రాసిపెడితేనే ఉంటుంది. డూప్లికేట్లు మళ్ళీ మొదలయ్యాయి, ఎవరో ఒకావిడ మళ్ళీ రసీదు పట్టుకుని తిరిగింది.

ఈ విషయంలో మా ఊరి నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, సవర వాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు, జనం మాట్లాడే తెలుగులోనే చదువూ రాతా ఉండాలని జీవితమంతా కొట్లాడారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని జరుపుకుంటాం, దండలు వేస్తాం. కానీ ఆఫీసు టికెట్ తెరిస్తే నాకు ఆయన వ్యతిరేకించిన గ్రాంథికమే కనిపిస్తుంది, భాష ఇంగ్లీషు కావచ్చు, రోగం అదే. నోటితో చెప్పినప్పుడు అందరికీ అర్థమైన సంగతి రాతలోకి వచ్చేసరికి ప్రాణం పోగొట్టుకుంటుంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఏ ఊరి పేరుతో దొరికింది అన్నవన్నీ ఎగిరిపోయి 'చేయబడినది' ఒక్కటి మిగులుతుంది.

కోడ్‌కి భాషతో ఏం పని అనేవాళ్ళు కొంచెం 2018 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోవాలి. జ్ఞా అన్న తెలుగు అక్షరంలో ఞ వత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక నాన్-జాయినర్ క్యారెక్టర్ పడితే ఐఫోన్‌లో మెసేజ్ యాప్ క్రాష్ అయిపోయేది, ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా దాన్ని ఫార్వర్డ్ చేసుకుని నవ్వుకున్నారు. నాకు అప్పుడు నవ్వు రాలేదు. మన అక్షరం అంత పెద్ద కంపెనీ ఫోన్‌ని పడగొడితే తప్పు అక్షరానిది అన్నట్టు మాట్లాడారు.

అలాగని జోకులన్నీ మంచివని నేను చెప్పట్లేదు. 'నా లాప్‌టాప్‌లో పనిచేస్తోంది' అన్నవాడిని "అయితే నీ లాప్‌టాప్‌నే బస్సెక్కించి కస్టమర్‌కి పంపేద్దాం" అంటే అది పని మీద జోక్, అందులో నిజం కూడా ఉంటుంది, విండోస్‌లో ఫైల్ పేరు పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా తెరుచుకుంటుంది, లైనక్స్ సర్వర్‌లో తెరుచుకోదు, కారణం సగంసార్లు అదే. కానీ హైదరాబాద్ టీంతో కాల్‌లో మా టీంలో ఒక కుర్రాడు "ఏటి సార్, మళ్ళీ సెప్పండి" అన్నాడని నవ్వారు చూడండి, అది మనిషి మీద జోక్. ఆ తర్వాత వాడు కాల్స్‌లో మైక్ మ్యూట్‌లోనే పెట్టుకున్నాడు. ఒకసారి రిలీజ్‌కి ముందే తప్పు వాడికి కనపడింది, అడిగితే "సెప్తే మళ్ళీ నవ్వుతారు కదా అన్నా" అన్నాడు. యాసని వెక్కిరించిన చోట బగ్ దాక్కుంటుంది, ఇది నేను కళ్ళారా చూశాను.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ టీ బడ్డీ దగ్గర మేం మగాళ్ళమే. రాయగడ అమ్మాయి హాస్టల్ టైంకి వెళ్ళిపోవాలి కాబట్టి ఎప్పుడూ రాలేదు, మేమూ రమ్మని పిలవలేదు. సౌండెక్స్ సంగతి ఆమెకి మర్నాడు టికెట్ చదివితే తెలిసింది, అంటే ఏమీ తెలియలేదు. ఇప్పుడు ఇంటి నుంచి పనిచేసేవాళ్ళందరిదీ అదే పరిస్థితి, నేను కూడా పర్లాకిమిడిలో మా మేడ మీద గదిలో కూర్చుని పనిచేస్తున్నాను, బడ్డీ దగ్గర ఏం తేలిందో నాకూ తెలీదు.

ఆ లైన్లు మళ్ళీ రాయమని పని నాకే వచ్చింది. ఈసారి వాటి పైన తెలుగులోనే కామెంట్, అంటే మెషీన్ పట్టించుకోని, చదివేవాళ్ళ కోసం రాసే ముక్క, పెట్టాను: 'ఒడిశా వైపు పేర్లలో వ అంటే బ. విష్ణు, బిష్ణు ఒక్కరే. వెంకట్‌ని అడగండి, బెంకట్ అన్నా పలుకుతాడు. తీసేయొద్దు.' కోడ్ చూసి ఒప్పుకునే రివ్యూలో ఒకాయన ప్రొఫెషనల్‌గా లేదన్నారు, ఇంగ్లీషులో కూడా కింద రాసి ఉంచేశాను, తెలుగుది మాత్రం తీయలేదు.

నెల తర్వాత చూస్తే దాని కింద ఇంకో లైన్ చేరింది, పెట్టింది రాయగడ అమ్మాయి: 'య అన్నా జ. యోగేశ్, జోగేశ్ కూడా ఒక్కరే. మా హాస్టల్ రిజిస్టర్ చూసి పట్టుకున్నాను.'